పాతరలో దాచిన ఊరు

"బ్యాకప్ ఉంది కదా మేడం, భయమెందుకు?" అని ఎవరైనా కుర్రవాళ్ళు అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎక్కడుంది నాయనా, తెరిచి చూశావా, అదొక్కటేనా ఇంకొకటి ఉందా అని వెంటపడి అడుగుతాను. రిటైరైన ముసలమ్మకు చాదస్తం ఎక్కువైందని నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. మీలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు చదివినా చాలని ఇది రాస్తున్నాను. చివర్లో ఏదో మంచి జరుగుతుందేమోనని ఆశపడకండి, జరగదు.

కర్నూలులో నేను చాలా ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పాను. మిషన్లు మూలపడ్డాక, రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు, వెబ్‌సైట్లు చేసిపెట్టే ఒక చిన్న ఆఫీసులో చేరాను. ఆఫీసంటే మేడ మీద రేకుల గది. ఉన్నది ఇద్దరం. మా సారు కడప మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. బొమ్మలూ రంగులూ ఆయనవి. తెలుగు టైపూ డేటాబేసూ నావి. డేటాబేస్ అంటే భయపడకండి, వెబ్‌సైటుకు అది గోడౌన్. పైకి కనిపించేది అంగడి, సరుకంతా లోపల ఉంటుంది.

ఆ గోడౌన్ మాది కాదు. ఎక్కడో దూరంగా ఉన్న ఒక సర్వరును వందల మంది పంచుకునేవాళ్ళం. హైదరాబాదులో ఒకాయన దాన్ని ముక్కలు చేసి మాలాంటి వాళ్ళకు అద్దెకు ఇచ్చేవాడు. వఠారంలో అందరికీ ఒకే కొళాయి ఉన్నట్టు, ఎవరి బిందె వాళ్ళది, ఎవరి వంతు వాళ్ళది. వంతు దాటితే సైటు మూతపడేది. ఉన్నదంతా ఒక్కసారి దింపుకుందామంటే సర్వరు సగంలో తెంచేసేది. అది తెంచకపోతే మా ఫోను లైను తెంచేది. రెండూ దయతలిస్తే కరెంటు పోయేది. అందుకని ముక్కలు ముక్కలుగా దింపేదాన్ని. దింపినదాన్ని తెరిచి చూస్తే ఒక్కోసారి తెలుగు బదులు వరసగా ప్రశ్నార్థకాలు ఉండేవి. మళ్ళీ మొదలు. ఆ పనిలో నాకున్నంత ఓపిక కాపురంలో ఉండి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

అట్లాంటి రోజుల్లో ఒక శెట్టిగారు మెట్లెక్కి వచ్చారు. హంద్రి నది ఒడ్డున, కర్నూలు పాత ఊళ్ళో ఆయనది కిరాణా అంగడి, వెనకే ఇల్లు. సొంతూరు ఆత్మకూరు వైపు. వైపు అనే చెప్పాలి. డ్యాము కట్టినప్పుడు మునిగిన ఊళ్ళలో అదొకటి. ఊరివాళ్ళు తలా ఒక దిక్కు పోయారు.

"మా ఊరికి ఒక సైటు కావాలమ్మా" అన్నారు ఆయన.

"మునిగిపోయిన ఊరికి సైటెందుకన్నా?" అన్నాను. నా నోరు అట్లాంటిది.

ఆయన ఏమీ అనుకోలేదు. "ఉన్న ఊరికైతే ఏంటికమ్మా? బస్సెక్కి పోతే సరిపాయె. మా ఊరికి బస్సు ల్యా. మా అక్క నోట్లో ఉండాది ఊరంతా. ఆమె పోతే అదీ పాయె."

అక్కను చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. ఆమెను ఆ ఊళ్ళోనే మేనమామకు ఇచ్చారు కాబట్టి ఊరు మునిగేదాకా ఆమె ఊరు దాటలేదు. చిన్నప్పటి నుంచీ ఊళ్ళో ఎవరింట్లో పేరంటమైనా పిలుపుకు పోయేది ఆమే. కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకూ తిరిగేది. అందుకే ఆమెకు ఊరు ఆ నడక వరుసలోనే గుర్తుంది. మధ్యలో ఒక ఇంటి గురించి అడిగితే చెప్పలేదు.

"అట్ల నడిమధ్యలో అడిగితే నాకు రాదు పాపా. మొదట్నుంచి పోవాల" అనేది. పొరపాటున నేను ఆపితే, "యాడ నిలిపితివి?" అని విసుక్కుని మళ్ళీ మొదటి ఇంటి నుంచి బయలుదేరేది.

శెట్టిగారి అంగట్లో బిల్లుల కోసం ఒక కంప్యూటరు ఉండేది. దాని ముందు నేను, పక్కన స్టూలు మీద ఆమె. కాగితం మీద రాసుకునే అలవాటు నాకు లేదు. చెవిన పడిన మాట నేరుగా వేళ్ళలోకి దిగుతుంది, అది నా చదువు. మొదటి రోజు, తెలుగు సరిగ్గా పడుతుందో లేదో చూద్దామని, "అక్కా, ఊరికే ఏదో ఒక మాట చెప్పు" అన్నాను. ఆమె ఆలోచించలేదు. కొంగు సర్దుకుని, మెడ ముందుకు చాచి, గట్టిగా పిలిచింది.

"ఇంట్లో ఎవురన్నా ఉండారా?"

అంగడి ముందు మూటలు దించుతున్న హమాలీ, "ఉండామమ్మా, ఏం కావాల?" అని తిరిగి కేకేశాడు. అందరం విరగబడి నవ్వాం. అక్క కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పరీక్షకు వేసిన మాటను పని మొదలయ్యాక తీసేయాలి. అక్క మాట కదా అని నేను తీయలేదు. మొదటి వరుసగా అట్లాగే ఉండిపోయింది.

ఆ తర్వాత ఇళ్ళు వచ్చాయి. కుమ్మరోళ్ళ ఇల్లు, వాకిలి తూర్పు, ముసలాయన కత్తి నూరీ నూరీ గడప ఒక పక్క అరిగిపోయి ఉంటుంది. దూదేకులోళ్ళ ఇల్లు, పేరంటానికి పిలవరు గానీ పోతూ పోతూ పలకరించాల్సిందే, లేకపోతే ఆమె అలుగుతుంది. పక్కింట్లో కోడలు పుట్టింటికి పోయి రాలేదు, ఎందుకు రాలేదో ఎవరూ అడగకూడదు. ఇట్లా ఒక్కో ఇంటికీ ఒక్కో పేజీ. ఏ ఇంటి దగ్గర కుక్క కరుస్తుందో కూడా చెప్పేది. నేను టైపు చేస్తూ కాళ్ళు ముడుచుకునేదాన్ని.

సంగతి పాకింది. కడప నుంచీ రాజంపేట నుంచీ ఇంటర్నెట్ సెంటర్లలో కూచుని తమ తమ ఇళ్ళ గురించి రాసినవాళ్ళు ఉన్నారు. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయనకు సైట్లు తెలియవు. ఆయన సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి నేరుగా మా రేకుల గదికే వచ్చేవాడు. జుట్టులో, కనుబొమ్మల్లో తెల్లటి దుమ్ము ఉండేది.

"మేడం, ఆ అమ్మ చెప్పినదాంట్లో మా వీధి ల్యా" అన్నాడు మొదటిసారి.

అక్కను అడిగాను. "ఆ వీధికి నేను పోలేదు పాపా. మావోళ్ళు పోనీలేదు" అంది.

ఆ వీధి ఆయనే చెప్పాడు. వాళ్ళమ్మ దగ్గర అడిగి తెలుసుకుని వచ్చి, ఒక్కో ఇల్లూ చెప్పాడు. అక్క నడక ఆగిపోయిన చోటు నుంచి ఈయన నడక మొదలైంది. నేను ఎన్నో సైట్లు చేశాను, బండల వ్యాపారులవి, కాలేజీలవి, కల్యాణ మండపాలవి. మనసుకు పట్టింది మాత్రం ఇదొక్కటే.

అంతా బాగుండగా వంతు నిండిపోయింది. సైటు తెరిస్తే ఇంగ్లీషులో ఏదో తిట్టు కనిపించేది. మా సారు హైదరాబాదు ఆయనకు ఫోను చేసి బతిమాలాడు. అంతకంటే పెద్ద చోటు ఆయన దగ్గర లేదట. వేరే చోట పెద్దది చూసుకునేదాకా ఒకటే దారి. పాత పేజీలను దింపి సీడీల మీద దాచి, సర్వరు మీద వాటిని తుడిచేసి, కొత్తవాటికి చోటు చేయాలి. ఆ రోజుల్లో అందరూ చేసే పనే.

ఈ మాట చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. శెట్టిగారు తలూపారు. అక్క మాత్రం నా మొహంలోకి చూసింది.

"మళ్ళా ఖాళీ చేయమంటాండారా?"

"అట్ల కాదక్కా. భద్రంగా దించి పెడుతున్నాం. పెద్ద చోటు దొరకగానే మళ్ళీ ఎక్కించేస్తాం."

"ఆ పొద్దు గూడా ఇట్లనే చెప్పిరి పాపా, జీపుల్లో వచ్చినోళ్ళు" అంది. తర్వాత తనే నవ్వి, "నువ్వు వాళ్ళట్ల కాదు లే" అంది.

పని మాత్రం శ్రద్ధగా చేశాను. ప్రతి ముక్కా దింపి, తెరిచి, ప్రశ్నార్థకాలు లేవని కళ్ళారా చూశాకే సర్వరు మీద తుడిచాను. ప్రతి సీడీ రెండేసి కాపీలు. ఒక్కోదాని మీద గుండ్రటి కాగితం అంటించి, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకానో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆఫీసు కంప్యూటర్లో కూడా ఒక కాపీ ఉండేది. ఓల్టేజి కొట్టిన దెబ్బకు ఆ వేసవిలో దాని హార్డ్ డిస్కు కాలిపోయింది. సీడీలు ఉన్నాయి కదా, కొత్త డిస్కు కొన్నాక మళ్ళీ ఎక్కించుకోవచ్చులే అని వాయిదా వేశాం.

అయితే సీడీలు కూడా చెడిపోతున్నాయి. కర్నూలు ఎండ మీకు తెలుసు. రేకుల కింద మధ్యాహ్నం కుర్చీ కూడా కాలుతుంది. వేరే పనులకు చేసిన సీడీలు కొన్ని వంకర తిరిగాయి, కొన్ని చదవడం మానేశాయి. నాకు గుబులు పట్టుకుంది. చల్లటి చోటు కావాలి.

"చల్లగానా? మా ఇంట్లో పాతర ఉండాది కదమ్మా" అన్నారు శెట్టిగారు.

మీలో చాలామంది పాతరను చూసి ఉండరు. ఇంట్లోనే నేలలో తవ్విన గొయ్యి, కింద వెడల్పు, పైన మనిషి దిగేంత మూతి. వెనకటికి జొన్నలు అందులో పోసి, బండ కప్పి, మట్టితో మెత్తేవారు. గింజ పురుగు పట్టకుండా ఉండేది. ఎండాకాలంలో మూత తీస్తే లోపలి నుంచి చల్లటి గాలి మొహానికి తగిలేది.

"ఈ ఇల్లు కొన్నప్పట్నుంచి దీంట్లో పెట్టింది ఏదీ చెడిపోలేదప్పా" అని మా సారుకు గర్వంగా చూపించారు. సారు చెయ్యి పెట్టి చూసి, "ఏసీ గది కన్నా నయం సార్" అన్నాడు. రెండు కాపీలూ ఒక రేకు పెట్టెలో సర్ది, నేనే దగ్గరుండి పాతరలో దింపించాను. బేతంచెర్ల ఆయన తెచ్చిన బండే పైన కప్పారు.

నేనేమీ అంతా నా తప్పేనని గుండెలు బాదుకునే రకాన్ని కాదు. మేం నలుగురం నాలుగు వైపులా ఆలోచించాం. ఎండకు భయపడ్డాం. కరెంటుకు భయపడ్డాం. చెదలకు, దుమ్ముకు, దొంగలకు భయపడ్డాం. నీళ్ళకు భయపడటం మాత్రం ఎవరికీ తట్టలేదు. కొళాయి ముందు బిందెలు వరసబెట్టి కొట్లాడుకునే ఊళ్ళో నీళ్ళకు ఎవరు భయపడతారు? ఒకసారి నీళ్ళకు ఊరినే ఇచ్చుకున్న శెట్టిగారికీ తట్టలేదు. వినే ప్రతివాడూ ఇక్కడ మమ్మల్ని వెర్రివాళ్ళలాగా చూస్తాడు. చూడండి, నాకు అలవాటే.

ఆ వేసవి చివర్లో అక్క పోయింది. శెట్టిగారు ఏడవలేదు. "ఆమె పోయినా ఊరు ఉండాది లేమ్మా" అన్నారు. ఆ మాటను పట్టుకునే ఆయన తిరిగారు. పెద్ద చోటు ఒకటి మా సారు మాట్లాడి పెట్టాడు. పండగ కానివ్వండి, పెట్టె పైకి తీసి ఊరంతా ఎక్కించేద్దాం అన్నాం.

ఆ ఏడు వానలు లేవు. చేలు ఎండిపోయాయని అందరూ ఏడుస్తున్నారు. దసరా వెళ్ళిన వారంలోనే ఆకాశం విరిగిపడింది. తుంగభద్రా హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చాయి. అది రెండువేల తొమ్మిది, కర్నూలులో ఎవరిని అడిగినా చెబుతారు. మా కాలనీ మెట్ట మీద ఉంది కాబట్టి నేను బతికిపోయాను. ఆ రోజు శెట్టిగారి ఫోను వచ్చింది.

"అమ్మా, వినపడ్తాండాదా? మిద్దె మీద ఉండాం. అందరం బాగుండాం. అంగడి మునిగింది."

"పెట్టె?" అన్నాను. మనుషులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నప్పుడు నేను అడిగింది అదీ.

"బండ కప్పి ఉండాది కదమ్మా. చుట్టూ మట్టి మెత్తినా. లోపలికి నీళ్ళు పోవు" అన్నారు. ఆ గొంతులో నమ్మకం లేదు. నన్ను ఓదారుస్తున్నారని తెలుస్తూనే ఉంది. అంతలో లైను తెగిపోయింది.

నీళ్ళు తీశాక పాత ఊళ్ళోకి వెళ్ళాను. వీధి ఏదో, ఇల్లు ఏదో తెలియదు. మోకాళ్ళ దాకా బురద, కంపు, ఉబ్బిన ధాన్యం మూటలు. అంగట్లో కంప్యూటరు బోర్లా పడి ఉంది. మా ఆఫీసు వీధిలో కూడా నీళ్ళు దుకాణాల్లో నిలువెత్తు నిలిచాయి. మేడ మీద మా రేకుల గదికి మాత్రం చెమ్మ కూడా తగల్లేదు. ఎండకు చెడిపోతాయని నేను కిందికి పంపిన సీడీలు అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేవో ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు.

పాతర కూలిపోయి బురదతో నిండిపోయింది. బేతంచెర్ల ఆయన కబురు విని గడ్డపారతో వచ్చాడు. కూలీలు దొరకని రోజులవి. ఆయనా శెట్టిగారూ కలిసి తవ్వారు. పెట్టె దొరికిన రోజు ఇద్దరూ దాన్ని మోసుకుని మా మెట్లెక్కారు. మా సారు ఎక్కడి నుంచో జనరేటరు తెచ్చి పెట్టాడు.

మూత తెరిస్తే లోపల బురద. నేను ఒక్కో సీడీ తీసి బిందెలో నీళ్ళతో కడిగాను. సీడీకి నీళ్ళతో పెద్దగా ప్రమాదం లేదు, కడిగి ఆరబెడితే చాలావరకు చదువుతుందని సారు ధైర్యం చెప్పాడు. కానీ నేను అంటించిన కాగితాలు ఉన్నాయి కదా, అవి నానీ నానీ ఉబ్బిపోయాయి. తుడుస్తుంటే అంచు నుంచి ఊడి వచ్చాయి. ఊడుతూ ఊడుతూ వాటి కింది వెండి పొరను కూడా పట్టుకొచ్చాయి. సీడీలో అక్షరాలన్నీ ఆ పొరలోనే ఉంటాయి. నా ముత్యాల్లాంటి చేతిరాత బురదలో రాలింది, దాంతోపాటు ఇళ్ళన్నీ రాలాయి. చేతిలో మిగిలింది అద్దంలాంటి ఉత్త ప్లాస్టిక్ చక్రం. అవతలి గోడ కనిపించేది అందులోంచి.

రెండో కాపీలూ అంతే. ఒక్కోటి పెట్టడం, మిషన్ గరగరమని తిరగడం, బయటికి తోసేయడం. శెట్టిగారు కుర్చీ అంచున కూచుని మిషన్ తెరుచుకున్న ప్రతిసారీ కొద్దిగా లేచి మళ్ళీ కూచునేవారు.

"సర్వరు మీద ఏమీ మిగల్లేదా సార్?" అని మా సారును అడిగారు.

మిగిలినవి ఉన్నాయి. "సైటు చాలా బాగుంది", "సూపర్", "మా ఊరు చూసి సంతోషం కలిగింది" అని ఎవరెవరో రాసిన మెచ్చుకోళ్ళు. కొత్తగా వచ్చినవి అవే కదా, వాటికి చోటు ఇచ్చాం. సారు ఆ సంగతి చెప్పలేక తల అడ్డంగా ఊపాడు.

"మా వీధిది మళ్ళా రాయచ్చు కదా మేడం?" అన్నాడు బేతంచెర్ల ఆయన.

"మీ అమ్మను మళ్ళీ అడిగి వస్తావా?" అన్నాను.

"అమ్మ పోయి ఏడాది అయితాండాది. మీకు చెప్పలేదా నేను?"

చెప్పలేదు. చెప్పి ఉంటే మాత్రం ఏం చేసేదాన్ని?

ఆఖరున ఒకటి మిగిలింది. అన్నిటికంటే మొదట చేసిన సీడీ. దాని పొర కూడా అంచు నుంచి లోపలికి ఊడింది గానీ, మధ్యలో చిన్న వలయం మాత్రం నిలిచింది. సీడీ మీద రాత మధ్య నుంచే మొదలవుతుంది. మిషన్ దాన్ని బయటికి తోయలేదు. చాలాసేపు తిరిగింది. ఫైలు పేరు కనిపించింది. శెట్టిగారు లేచి నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది.

ఫైలు తెరుచుకుంది. ముందు పట్టిక ఆకారం వచ్చింది. ఇల్లు, వాకిలి దిక్కు, ఉన్నవాళ్ళు, చెప్పినవాళ్ళు. ఖాళీ గళ్ళ పేర్లు. వాటి కింద ఒకే ఒక వరుస. ఆ తర్వాత ఏమీ లేదు, మిషన్ ఆగిపోయింది.

"ఏమన్నా పడిందామ్మా?" అన్నారు శెట్టిగారు. కళ్ళజోడు వరదలో పోయింది, ఆయనకు కనిపించడం లేదు. "ఏ ఇల్లు పడింది? చదువు."

సారు నా వైపు చూస్తున్నాడు. బేతంచెర్ల ఆయన చేతిలో బురద గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"చదువమ్మా. పర్వాలేదు, ఏదున్నా చదువు."

చదివాను.

"ఇంట్లో ఎవురన్నా ఉండారా?"

ఆ గదిలో మేం నలుగురం ఉన్నాం. ఎవరూ పలకలేదు.